గడ్డ పెరుగు

పాలు కాచాలి. గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి. చెంచాడు తోడు కలపాలి. గిన్నెకు తువ్వాలు చుట్టాలి. ఏసీ గాలి తగలనివ్వకూడదు. ఫ్రిజ్‌లో ఉన్న పెరుగు ప్యాకెట్లన్నీ పక్క ఫ్లాటులో దాచేయాలి. ఇవన్నీ అమ్మణ్ణి గారు వచ్చేలోపే.

కూకట్‌పల్లిలోని ఆ ఫ్లాటులో రసజ్ఞకు కాలూచేయీ ఆడటం లేదు. సోమవారంతో ప్రసూతి సెలవు అయిపోతోంది. పాప ఆమనికి ఇంకా పాకడం కూడా రాలేదు. అమ్మణ్ణి గారు ఉంటానంటే తను హైటెక్ సిటీలో ఆఫీసుకు వెళ్ళగలదు. కాదంటే ఉద్యోగం మానుకోవాల్సిందే.

ఆవిడ ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు పెరుగు గిన్నె చూస్తారు. మదీనాగూడలో రసజ్ఞ కొలీగ్ గిరీష్ వాళ్ళింటికీ ఇలాగే వెళ్ళారు. ప్యాకెట్ పెరుగు కనబడేసరికి, కాకినాడ నుంచి తెచ్చుకున్న సంచి విప్పకుండానే వెనక్కి తిరిగారు.

"మొన్న పాలు ఎందుకు తోడుకోలేదో తెలిసింది," అన్నాడు భర్త జశ్వంత్, ఫోన్‌లోంచి తలెత్తి. "పెరుగులో లాక్టోబాసిల్లస్ అని ఒక సూక్ష్మజీవి ఉంటుందట. పాలలోని చక్కెర తిని పులుపు చేస్తుంది. ఆ పులుపుకే పాలు గడ్డకడతాయి. నువ్వేమో సలసలా కాగే పాలల్లో తోడు వేశావు. పాపం, చచ్చిపోయింది."

"నేనా! మరి నిన్న గిన్నెను ఏసీ కింద పెట్టిందెవరు?"

"అప్పుడు చావలేదు. చలికి ముడుచుకు పడుకుందంతే. బతికుంటే పొట్టకు ఎంత మేలో! అరుగుదల బాగుంటుంది, చెడ్డ క్రిముల్ని ఎదగనివ్వదు..."

"ముందు ఈవిణ్ణి వెళ్ళిపోనివ్వకపోతే అదే పదివేలు!"

బెల్ మోగింది.

ఇద్దరూ పరుగున ఎదురెళ్ళారు. జశ్వంత్ సంచి అందుకున్నాడు. అమ్మణ్ణి గారు కాఫీ వద్దన్నారు. సోఫా వంక కూడా చూడలేదు. నేరుగా వంటింట్లోకి నడిచి, తువ్వాలు విప్పి, గిన్నెను పక్కకి వంచారు.

రసజ్ఞ మునివేళ్ళ మీద లేచి గిన్నెలోకి తొంగిచూసింది.

పెరుగు కదల్లేదు.

"ఎవరమ్మాయ్ తోడుపెట్టిందీ?"

"నేనేనండి, పిన్నిగారూ."

ఆవిడ చెంచాతో కాస్త తీసి నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. తెరిచారు.

"కమ్మగా ఉంది. పాల గిన్నెనే ఇంత ఓపిగ్గా చూసుకున్నవాళ్ళు మనిషిని చూసుకోరా ఏంటి? ఉంటాను."

"హమ్మయ్య! చాలా థాంక్సండీ పిన్నిగారూ!" జశ్వంత్ ఒక్క గెంతు గెంతాడు. రసజ్ఞకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అమ్మణ్ణి గారు కొంగు బొడ్లో దోపుకుని, ఆమనిని చంకకెత్తుకుని అన్నారు:

"అన్నట్టు, మీ ఆఫీసులో ఇంకెవరికైనా వంటకీ, పిల్లల్ని చూసుకోడానికీ మనిషి కావాల్సొస్తే మా చెల్లెలు జయలక్ష్మిని కాస్త గుర్తుపెట్టుకోండి."