ఎర్రలైటు పైపు

ఫహాహీల్ షెడ్డులో కొత్త మిషన్‌కు ఎర్రలైటు వెలిగి సైరన్ మోగినప్పుడు నా అంత సంబరపడ్డవాడు కువైట్‌లో ఇంకొకడు ఉండడు.

పైపులకు తనే రంగు కొట్టి, ఆ రంగు ఎక్కడ పలచబడినా, ఎక్కడ మందమైనా తనే కొలిచి, తనే సర్దుకునే మిషన్ అది; తేడా మరీ ఎక్కువైతేనే సైరన్ మోగిస్తుంది. అది దిగినప్పటి నుంచి, ఏళ్ల తరబడి స్ప్రే గన్ పట్టిన నాకు నిద్ర కరువైంది.

"చూశావా తమ్ముడూ! మనిషి చెయ్యి మనిషి చెయ్యేనోయ్!" అని షెడ్డంతా వినబడేలా అరిచాను.

మిషన్ నడిపే రాయచోటి అజ్మతుల్లా పైపుకేసీ, నాకేసీ చూశాడు.

"అన్నా, ఇది మిషన్ కొట్టింది కాదు. పోల్చి చూద్దామని ఇంజనీరు నిన్న నువ్వు కొట్టిన పైపునే పెట్టించినాడు."

ఇక ఖలాస్, ఊరికి టిక్కెట్టే అనుకున్నాను.

"భయపడొద్దులే అన్నా. సైరన్ పనిచేస్తాందో లేదో చూసేదానికి రోజూ పొద్దున్నే ఒక పైపుకు ఎగుడుదిగుడుగా రంగు కొట్టేవాడు కావాలంట. ఇంజనీరు నీ పేరే చెప్పినాడు."

అలా నా ఉద్యోగం నిలిచింది. చెడగొట్టి కొట్టమన్నారు గానీ, పౌరుషం కొద్దీ నేను రోజూ ఊపిరి బిగబట్టి సమంగానే కొడుతున్నాను.

సైరన్ ఇంతవరకూ ఒక్కరోజు కూడా మోగక మానలేదు.