పచ్చగళ్లు

మామగారు తనకిస్తానన్న నలభై రెండు సెంట్ల చేను తోడల్లుడు గంగరాజు కాజేశాడని తాతాజీకి కడుపుమంట. గంగరాజు ఆ చేలోనే మేడ కట్టి, హోమ్ థియేటర్ పెట్టి, అది చెడితే రాత్రికి రాత్రి, కంప్యూటర్లు బాగుచేసే తాతాజీనే పిలిచాడు.

"గృహప్రవేశం వీడియో నిండా పచ్చగళ్లు పడుతున్నాయి అన్నయ్యా. నువ్వు బాగుచేసేలోపు ఓ కునుకు తీస్తాను" అని పక్కగదిలో గురక మొదలుపెట్టాడు.

తాతాజీ హోమ్ థియేటర్ కంప్యూటర్‌లో, వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పజెప్పే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆఫ్ చేశాడు. తెర మీద మేడ నిగనిగలాడింది. మళ్లీ ఆన్ చేశాడు. మేడ ఉన్నచోట పచ్చగళ్లు లేచి, గాలికి ఊగే వరిచేనయ్యాయి. స్పీకర్లలో చేలోకి పారే బోదె నీళ్ల చప్పుడు. పక్కగదిలో గురక ఆగిపోయింది.

ఉలిక్కిపడి ఆఫ్ చేశాడు. మేడ వచ్చింది, గురకా వచ్చింది.

ఆ గురకను చాలాసేపు విన్నాడు. తర్వాత మళ్లీ ఆన్ చేసి, మౌస్ వదిలేసి, వెనక్కి వాలి తన చేను చూసుకున్నాడు. గట్టు నుంచి గట్టు దాకా, నలభై రెండు సెంట్లు.