కొమ్ము మీద నీలం

ఆవు మెడలోని గంటని గుప్పిట బిగించి పట్టుకుని, వంటింట్లో ఓ మూల ఊపిరి బిగబట్టి నిలబడింది దిగులమ్మ.

అసలు పేరు వీధిలో అందరూ ఎప్పుడో మర్చిపోయారు. చినుకు పడితే వరదంటుంది, తుమ్ము వస్తే జ్వరమంటుంది. అందుకే ఆ పేరు.

ఆ పొద్దు పశువుల ఆసుపత్రి ఆవరణలో పిడుదుల మందు కొడుతున్నారు. ప్రభుత్వం మందు, ఉచితం. పిడుదులు కుట్టి పశువులకి జ్వరాలొస్తున్నాయి, వీధిలో ఒక్కటి మిగిలినా దాని ఒంటి మీదివి మళ్లీ అన్నిటికీ పాకుతాయి, ఒక్కదాన్నీ ఆపకుండా తోలుకు రండి అని ముందునుంచీ మైకులో మొత్తుకుంటున్నారు. మందు పడ్డ పశువు కొమ్ముకి రంగు పూసి పంపుతారు.

"చూలు ఆవుకైనా ఏం కాదని డాక్టరుగారే చెప్పారు కదమ్మా," అంది కూతురు, కుట్టుపనికి బయల్దేరుతూ.

"ఆయనదేం పోయింది. పోతే నా దూడ పోతుంది. ఆ మందుకి చూలు నిలవదట. పాలు కూడా ఇంకిపోతాయట. పాలకేంద్రం దగ్గర అనుకుంటున్నారు."

"ఎవరు?"

"అందరూనూ."

కూతురు తలుపు ఓరగా తీసి వీధిలోకి చూసింది. "ఆ అందరూ ఎప్పుడో వెళ్లారు. ఒక్క గుంజ దగ్గరా పశువు లేదు. ఇళ్లన్నీ మూసే ఉన్నాయి. మనమే మిగిలాం."

"ముందు ఆ తలుపు వెయ్యి," అంది దిగులమ్మ.

సాయంత్రం మెల్లగా గడప దాటింది. పక్కింటి ఆవు అప్పటికే గుంజ దగ్గర నెమరేస్తోంది. దాని కొమ్ము మీద నీలం రంగు ఇంకా తడితడిగా మెరుస్తోంది.

పక్కింటి వదిన గడ్డి వేస్తూ, తలెత్తకుండానే అడిగింది. "వెళ్లొచ్చారా వదినా?"

"ఆ, పొద్దున్నే. మీరో?"

"మేమూ పొద్దున్నే. రద్దీలో మీరు కనపడలేదు."

"అవును, ఒకటే రద్దీ."

ఇంట్లోకి రాగానే దిగులమ్మ రెండుసార్లు నోరు పుక్కిలించింది. అబద్ధం పోలేదు. తెల్లారితే ఆవుని బయట కట్టక తప్పదు. కొమ్ము చూసి ఎవరైనా అడిగితే?

కొట్టుకి వెళ్లి బట్టలకి పెట్టే నీలం అడిగింది.

"ఇదే ఆఖరి పొట్లం అక్కా," అన్నాడు కొట్టతను.

నీలాన్ని చిక్కగా కలిపి, కిందటిసారి వాళ్లు ఇదే రంగు పూసిన చోటే రెండు వేళ్లతో పూసింది. పని నుంచి వచ్చిన కూతురు చూసి నిట్టూర్చింది.

"కొమ్ము సరే. ఇది మందేనని పిడుదులకి ఎవరు చెప్తారు?"

వారం తిరక్కుండానే పక్కింటి ఆవు పడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. మూత్రం కాఫీ రంగులో పోస్తోంది. గంగడోలు కింద ఆముదం గింజలంతేసి పిడుదులు.

దిగులమ్మ గబగబా వెళ్లి తన ఆవు చెవి ఎత్తి చూసింది. అక్కడా ఉన్నాయి. రెండిళ్లకీ మధ్య మోకాలెత్తు పిట్టగోడ. పిడుదులకి అదో అడ్డా?

ఇక ముద్ద దిగలేదు. వదిన ఆవు పోతుంది. ఆ పాలే తాగే ఆమె మనవరాలు గుక్కపట్టి ఏడుస్తుంది. తర్వాత ఆ పక్కింటి ఆవు పోతుంది. వరసగా వీధంతా పోతాయి. అన్నిటి ఉసురూ తనకే.

తడిగుడ్డ పట్టుకుని వెళ్లి వదిన పక్కన కూర్చుంది. వదిన ఆమె ముఖంలోకి చూడలేదు. తెలిసిపోయిందనుకుంది దిగులమ్మ.

"అందరం ఎండలో నిలబడి కొట్టించుకొచ్చాం," అంటున్నాడు మూల ఇంటి పెద్దాయన, గుమిగూడిన వాళ్లతో. "ఎవరో ఒక్కరు దాచారు. దొరికితే గుంజకి కట్టేసి ఆ మందు వాళ్లకే కొట్టాలి."

"ఎవర్నీ అనకండి అన్నయ్యగారూ," అంది వదిన. "అంతా నా ఖర్మ."

ఆ మాట దిగులమ్మకి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. తిట్టినా బాగుండేది.

డాక్టరు వచ్చాడు. వీధి మొదట్లోనే బండి ఆపి, రెండు వైపులా కట్టేసిన పశువుల్ని చూసుకుంటూ నడిచి వచ్చాడు. ఆవుకి ఇంజెక్షన్ చేశాడు.

"రేపటికి మేత ముట్టిందా, బతికినట్టే," అన్నాడు. చేతులు కడుక్కుని, చుట్టూ ఉన్నవాళ్లని చూశాడు. "ఈ వీధిలో మందు కొట్టించనిదెవరు?"

పెద్దాయన తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు. వదిన తన ఆవు మెడ నిమురుతూ ముఖం అటు తిప్పుకుంది.

దిగులమ్మకి భూమి చీలితే దిగిపోదామనిపించింది. భూమి చీలలేదు.

"నేనేనండీ," అంది. "చూలు పోతుందని భయపడి వంటింట్లో దాచాను. అందరి పశువులకీ నీలం ఉంది కదాని నా ఆవుకి బట్టల నీలం పూశాను. వదినా, మీ ఆవుని నేనే చేజేతులా..."

కొంగు నోటికడ్డం పెట్టుకుని తిట్ల కోసం ఎదురుచూసింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. పెద్దాయన కూడా.

డాక్టరు ఆమె ఆవు కొమ్ము చూశాడు. పక్కింటి ఆవు కొమ్ము చూశాడు. వీధి చివరిదాకా వరసగా ఉన్న నీలం కొమ్ములన్నీ మరోసారి చూశాడు.

"ఈసారి మేం పూసింది ఎరుపమ్మా," అన్నాడు.