పక్క సీటు బరువు

ముందే ఒప్పుకుంటున్నాను. నాకు స్కూటర్ కూడా తిన్నగా నడపడం రాదు. పందెం కార్ల గురించి తెలిసిందంతా మెకానిక్ అయిన మా అన్నయ్య పుణ్యమే.

ఆ రోజు అన్నయ్య షెడ్‌లో ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు, ఒక్కో చక్రం కింద ఒక్కో కాటాతో, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు కూర్చుని ఉంది.

ఎడమ మలుపులో బుద్ధిగానే ఉంటుందట. కుడి మలుపులో వెనకభాగం జారి తోక విసురుతుందట.

రెండు వైపులా బరువు సమానం చేయాలని అన్నయ్య స్ప్రింగులు బిగించాడు, వదులు చేశాడు. టైర్లలో గాలి తీశాడు, మళ్లీ కొట్టాడు. ఒక మూల బరువు సరిపోతే ఇంకో మూల మొరాయించింది. విసిగిపోయి, అన్నీ కారు వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే పెట్టేశాడు.

"ఈ స్ప్రింగులు ఇట్లా పెట్టినోడెవడో తాగి పెట్టాడు," అన్నాడు.

ఈ మధ్యే ఆ కారు కొనుక్కున్న డ్రైవర్ తన సీట్లో కదలకుండా కూర్చున్నాడు. పక్క సీట్లో ఇసుక బస్తా.

అక్కడ కూర్చుని, రాబోయే మలుపులు ముందుగా చదివి చెప్పాల్సిన నేవిగేటర్ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. బస్తాలో ఉన్నది అతని బరువే. సాయంత్రం ఐదులోపు ఇంకో పేరు ఇవ్వకపోతే రేపటి పోటీలో కారుకు చోటు లేదు. డ్రైవర్ ఏళ్ల తరబడి కాచుకున్న పోటీ అది.

అప్పుడు వచ్చింది ఒక పెద్దావిడ. సన్నగా, చేతిలో గొడుగుతో.

కారు అమ్మినవాళ్ల దగ్గర రెండో తాళంచెవి ఉండిపోయిందట. ఇచ్చేసింది. కానీ కదల్లేదు. ఒక్కసారి కూర్చుని దిగిపోతానంది.

అన్నయ్య గొణుక్కుంటూ బస్తా దించాడు.

ఆవిడ ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ ఒకేసారి లోపలికి తిప్పుకుంది. బెల్టు వైపు చూడకుండానే పెట్టుకుంది.

కాటా తెర మీద అంకెలు కాసేపు ఊగి, ఆగాయి.

"ఎంత చూపిస్తోంది?" అన్నాడు డ్రైవర్.

"ఈ మూలా ఆ మూలా సమానం. కాటా ఇరుక్కుపోయినట్టుంది," అన్నాడు అన్నయ్య, దాన్ని కాలితో తట్టి.

"పక్కన ఎవరు కూర్చుంటున్నారు బాబూ?" అని అడిగింది ఆవిడ.

"ఎవరూ దొరకలేదు ఆంటీ. మీరొస్తారా?" అన్నాడు డ్రైవర్.

అతనూ అన్నయ్యా నవ్వారు.

"నవ్వకుండా అడిగితే వస్తాను."

ఇంకాస్త నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. బెల్టు విప్పి, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

బస్తా మళ్లీ సీటెక్కింది.

డ్రైవర్ తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. ఒకడికి ఇంట్లో ఒప్పుకోరు. ఒకడికి మలుపు చూస్తేనే వాంతి. ఐదు దాటింది.

ఆ తర్వాత కారు అమ్మినాయన ఫోన్ చేశాడు, తాళంచెవి అందిందా అని. అందిందని చెప్పి, డ్రైవర్ తన ఉక్రోషమంతా ఆ స్ప్రింగుల మీద చూపించాడు. ఇంత వంకరగా ఎవరు పెట్టించారని నిలదీశాడు.

"వంకర కాదండీ. మా నాన్న గెలిచిన పోటీలన్నీ దాంతోనే గెలిచాడు. పక్కన మా మేనత్త కూర్చుంటే కారు సమానమయ్యేట్టు పెట్టించాడు. మలుపులు చదివింది ఎప్పుడూ ఆవిడే," అన్నాడాయన. "మీకు తాళంచెవి తెచ్చిచ్చింది కూడా ఆవిడేగా."

కాటా ఇరుక్కుందనే అన్నయ్య ఇప్పటికీ అంటాడు.

మీ పక్క సీట్లోనూ అలా కూర్చుని దిగిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే, నాకు రాయండి.