పన్నెండో నంబరు బిరడా

"ఈ బిరడా ఈ కూజాది కాదమ్మా," అన్నాడు పాత సామాన్ల వ్యాపారి గాస్కిన్, హాలంతా వినపడేలా.

హిల్డా మొహం జేవురించింది. స్టౌర్‌బ్రిడ్జ్ చర్చి హాల్లో పాత సామాన్లకి వెలకట్టే రోజది. మనిషికి రెండు పౌండ్లు, చర్చి పైకప్పు బాగుకోసం. ఊరంతా సంచులు పట్టుకుని వరసలో ఉంది. వెనకాల నాలుగో మనిషి చెల్లెలు మేవిస్. ఆమె సంచిలో ఏముందో హిల్డాకి చూడకుండానే తెలుసు. ఈ గాజు కూజాకి జత కూజా. అమ్మ పోయేముందు చెరొకటీ ఇచ్చింది. జత విడదీయకూడదు, రెండూ నాకే కావాలని ఇద్దరూ పట్టుబట్టారు. తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. తన కూజాయే మేలైనదని ఇవాళ పదిమందిలో అనిపించుకోవాలనే హిల్డా వచ్చింది. తీరా చూస్తే ఇదీ వరస!

గాస్కిన్ ముందు మెచ్చుకున్నాడు కూడా. మెడచుట్టూ వెండి పట్టీ, దాని మీద ద్రాక్షతీగ, ఆకుల్లోంచి తొంగిచూసే నక్క. సింహం ముద్ర, లంగరు ముద్ర, అంటే బర్మింగ్‌హామ్ వెండేనన్నాడు. తర్వాత బిరడా తిప్పాడు. అది కటకటలాడింది. తీసి భూతద్దం పెట్టాడు. కూజా మెడలో పదకొండు, బిరడా కాడ మీద పన్నెండు. ఏ బిరడాని ఆ కూజాలోనే అరగదీసి, రెండిటి మీదా ఒకే నంబరు గీకుతారని గాజు ఫ్యాక్టరీల ఆ ఊళ్లో చంటిపిల్లకి కూడా తెలుసు.

"మా వ్యాపారంలో దీన్ని పెళ్లంటాం. ఎక్కడెక్కడివో తెచ్చి ముడిపెట్టడం."

"నేనూ మా ఆయనా అంతేలే," అంది వరసలో ఒకావిడ. అందరూ నవ్వారు.

హిల్డా నవ్వలేదు. మారే వీల్లేదంది. అమ్మ తన చేత్తో కాగితాల్లో చుట్టి ఇచ్చింది, అప్పట్నించీ అద్దాల బీరువాలోనే ఉంది, ఒక్క చుక్క పోసింది లేదంది. గాస్కిన్ జాలిపడ్డట్టు తలూపి, అరవై పౌండ్లని చీటీ రాశాడు. కావాలంటే ఆ ధరకి తనే తీసుకుంటానన్నాడు. టీ తాగి చెబుతానని హిల్డా కూజా ఎత్తుకుని టీ బల్ల దగ్గర కూలబడింది. మేవిస్ పెదవుల మీద నవ్వు వీపుకి గుచ్చుకున్నట్టుంది.

మేవిస్ వంతు వచ్చింది. అదే కూజా, అదే ద్రాక్షతీగ, అదే నక్క. హిల్డా టీ కలుపుతూ చెవులు రిక్కించింది. బిరడా కటకటలాడింది.

"మీదీ అంతేనమ్మా. కూజా పన్నెండు, బిరడా పదకొండు. ఇదీ అరవయ్యే."

ఈసారి గాస్కిన్ గొంతు పెద్దగా లేదు. నోట్లో బిస్కెట్టు నమలడం ఆపేశాడు. వెంటనే తొంభై ఇస్తానన్నాడు. ఆ మాట అంటూనే అతని కళ్లు హాలంతా వెతికి హిల్డా మీద వాలాయి.

హిల్డా చేతిలో చెంచా ఆగింది. పదకొండు, పన్నెండు. పన్నెండు, పదకొండు. ఓరి దొంగ సచ్చినోడా!

లేచింది. మేవిస్‌కి ఇంకా తెలిసుండదు. వంద ఇచ్చి ఆ కూజా కొనేస్తే చాలు, జత తనది, గెలుపు తనది. గబగబా నడిచి బల్ల దగ్గరకి వెళ్లింది. మేవిస్ కూడా సరిగ్గా అప్పుడే ఇటు తిరిగింది.

"నీది వందకి ఇస్తావా?" అన్నారిద్దరూ ఒకేసారి.

తొమ్మిదేళ్ల తర్వాత మొదటి మాట అది. ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ముందు మేవిస్ కిసుక్కుమంది. తర్వాత హిల్డాకి నవ్వు ఆగలేదు, కళ్లలో నీళ్లొచ్చాయి. గాస్కిన్ ఏదో అనబోతుంటే పట్టించుకోకుండా రెండు కూజాలూ పక్కపక్కన పెట్టారు. ఆమె బిరడా ఈమె తీసింది, ఈమె బిరడా ఆమె తీసింది. ఎవరి కూజాలో వాళ్లు దించారు. చప్పుడే లేదు. మేవిస్ బిరడా పట్టుకుని ఎత్తితే కూజా కూడా పైకి లేచింది. హాలంతా చప్పట్లు.

గాస్కిన్ మెడ తుడుచుకుంటూ జతకి మూడు వేలన్నాడు. తర్వాత నాలుగన్నాడు. అమ్మేది లేదన్నారు అక్కాచెల్లెళ్లు, మళ్లీ ఒకేసారి. హిల్డా అరవై పౌండ్ల చీటీని మడిచి అతని టీ కప్పు కింద పెట్టింది.

కూజాలు రెండూ ఒకే సంచిలో సర్దుతుంటే మేవిస్ ఊరుకోలేదు. "బిరడాలు మార్చింది నువ్వేనే అక్కా. అమ్మ పంచిన రోజు ముందొచ్చింది నువ్వు కదా."

"నన్ను ముట్టుకోనిచ్చిందా అమ్మ? తలుపేసుకుని తనే చుట్టింది."

మేవిస్ చేతులు ఆగిపోయాయి. "అక్కా, గాజు ఫ్యాక్టరీలో అమ్మ చేసిన పనేంటి?"

హిల్డా బిరడా మీది నంబరుని బొటనవేలితో తడిమింది.

"ముప్పై ఏళ్లూ ఒకటే పని," అంది హిల్డా. "ఏ బిరడా ఏ కూజాదో చూసి జతచెయ్యడం. ఒక్కటీ తప్పలేదు."