బొగ్గు పొట్లం

క్షమాపణ పత్రం మూడోసారి బల్ల మీద వెనక్కి వచ్చింది.

"ముద్ర వెయ్యను," అంది కురోసు.

మితరాయ్‌కి తల పట్టుకోవాలనిపించింది. భూమి కొలతదారుల జాతీయ సంఘంలో క్రమశిక్షణ కమిటీకి అతను అధ్యక్షుడై రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో తన ఎదుటి కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ పత్రం చూడగానే, సంతకానికి బదులు వేసే పేరు ముద్ర జేబులోంచి తీసి, బల్లకి నుదురు ఆనేలా వంగి, బతుకుజీవుడా అని బయటపడ్డాడు. ఈవిడ తల కూడా వంచలేదు. పోసిన టీ ముట్టుకోలేదు.

పైగా అతనికి పని నేర్పింది ఈవిడే. డెబ్భై ఒక్కేళ్ళు. ఇప్పటికీ గోళ్ళ సందుల్లో నల్లటి మట్టి. కోటు మీద సంఘం బిళ్ళ నలభై మూడేళ్ళుగా పెట్టుకుని పెట్టుకుని అంచులు అరిగిపోయింది. ఆ బిళ్ళ ఊడకుండా ఎలాగైనా కాపాడాలని అతని తాపత్రయం.

ఫిర్యాదు చిన్నదే. షిజువోకాలో ఒక కొండ వాలు మీద, రెండు తేయాకు తోటల మధ్య ఇరవై ఆరేళ్ళ కిందట ఆమె హద్దు వేసింది. పాతకాలం వాళ్ళు హద్దురాయి కింద బొగ్గు పూడ్చేవారు. రాయిని ఎవడైనా జరపగలడు. బొగ్గు సంగతి ఎవరికీ తోచదు, అది కుళ్ళదు కూడా. అందుకే రాయి కనిపిస్తే దాని కింద తవ్వి చూడటం ఈ వృత్తిలో ఓనమాలు. ఆ రోజు ఆమె తవ్వలేదట. రాయి అంతకుముందే జరిగి ఉందట. కింది తోట ముసలాయన మురోటా నేల, వాలు పొడవునా మూరెడు వెడల్పున పై తోటలో కలిసిపోయిందట. ఫిర్యాదుతో పాటు పాత వార్తాపత్రికలో చుట్టిన బొగ్గు పొట్లం కూడా వచ్చింది.

పోనీ అని సంఘం తరఫున ఒక మనిషి వెళ్ళి తవ్వి చూశాడు. రాయి కింద ఏమీ లేదు, మిగతా బొగ్గు మూరెడు ఎగువన దొరికింది. పై తోటాయన మాత్రం కొత్త కొలతకి ససేమిరా అన్నాడు. వచ్చే నెల సోలార్ పలకల కంపెనీకి ఆ నేల అమ్ముకుంటున్నాడు మరి. మురోటాని కదిపితే, ఆ అమ్మ వేసిన హద్దు తప్పెలా అవుతుందని టీ పోసి పంపించాడు.

మరి ఫిర్యాదు చేసిందెవరు? ఆ పేరు వేరే కవరులో ఉంది. మొహమాటాలు అడ్డురాకుండా, తీర్పు రాశాకే అధ్యక్షుడు దాన్ని తెరవాలని నియమం.

"మీకెవరో పాత పగవాడున్నాడమ్మా," అన్నాడు కమిటీ సభ్యుడు సకురబా. "ఆ రోజు వాన పడిందనీ, మీరు రైలు కోసం తొందరపడ్డారనీ కూడా రాశాడు. ఇన్నాళ్ళూ కాచుకు కూర్చున్నాడు."

"రాసిన మనిషికి ధైర్యం ఇరవై ఆరేళ్ళు ఆలస్యంగా వచ్చింది. అందుకు నాకూ ఒళ్ళు మంటగానే ఉంది," అంది కురోసు. "కానీ అది మీ పని కాదు. రాసింది నిజమో కాదో తేల్చండి."

"మీరే చెప్పండి, నిజమేనా?"

"మనుషుల్ని అడిగి హద్దు వేస్తారా? బొగ్గు మీ ముందే ఉంది."

సకురబా మొహం గంటుపెట్టుకున్నాడు. మితరాయ్ అతన్ని కాసేపు బయటికి పంపి, కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"గురువుగారూ, దీని మీద ముద్ర వేశారంటే ఇది సొరుగులో పడుంటుంది. ఇక్కడితో సరి. వెయ్యకపోతే నేను తీర్పు రాయాలి. సంఘం పత్రికలో మీ పేరు అచ్చవుతుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసుకి నోటీసు వెళ్తుంది, ఎవరు కాదన్నా ఆ హద్దు మళ్ళీ కొలవాల్సిందే. మీ బిళ్ళ పోతుంది. మీరు పాతిన ప్రతి రాయినీ జనం అనుమానంగా చూస్తారు."

"చూడనీ. తవ్వి చూసుకోనీ."

"నలభై మూడేళ్ళండీ."

"నాకు లెక్కలు చెప్పకు. నువ్వు చేరిన కొత్తలో, వానలో పార పారేసి చెట్టు కింద నిలబడితే నేనేమన్నాను?"

"తవ్వితే తవ్వు, లేకపోతే ఇంటికి పో అన్నారు."

"ఇప్పుడూ అదే. తీర్పు రాస్తే రాయి. లేదా ఫిర్యాదు చించిపారెయ్. మధ్యలో ఈ చిత్తుకాగితం నా మొహాన పెట్టకు."

అప్పుడొచ్చింది అతనికి కోపం. శిష్యుడు తన మీద తీర్పు రాయలేడని ఈవిడ ధీమా కాబోలు. ఇంతగా బతిమాలుతుంటే ఇంత పొగరా? సకురబాని లోపలికి పిలిచి, అతని ముందే కలం తీశాడు. తప్పు రుజువైందనీ, సభ్యత్వం రద్దు చేస్తున్నామనీ రాసి, పైకి చదివాడు.

కురోసు బిళ్ళ విప్పి బొగ్గు పొట్లం పక్కన పెట్టింది.

"నోటీసు ఈ రోజే వెళ్తుందా?"

"ఈ రోజే."

అప్పుడు లేచి నిలబడి, పొద్దున్నించీ వంచని తలని బల్లకి తగిలేంతగా వంచింది. అది వెటకారమో ఏమిటో అతనికి అర్థం కాలేదు. తలుపు మూసుకుంది. ఆమె అడుగులు మెట్ల మీద తొందరేమీ లేకుండా దిగిపోయాయి.

మితరాయ్ కవరు అంచు చింపాడు.

ఫిర్యాదుదారు పేరు ఉండాల్సిన చోట, ఎడమ అంచు కాస్త విరిగిన ఎర్రటి ముద్ర ఉంది, ముప్ఫై ఏళ్ళ కిందట అతని శిక్షణ పత్రం మీద పడిన అదే ముద్ర: కురోసు.