అరవై ఐదు లోపు

"ఆ పెద్దాయన్ని ఇంక లోపలికి రానివ్వకు" అంది టెక్నీషియన్, సెక్యూరిటీ గార్డుతో.

"ఏం చేశాడు మేడమ్, పాపం?"

"ఏం చేయడమేంటి? పేషెంటు కాదు, పేషెంటు తాలూకు మనిషీ కాదు. రోజూ పొద్దున్నే వచ్చి బెంచీ మీద తిష్ట వేస్తాడు. ఒంటరిగా వచ్చినవాళ్ళు కనబడితే చాలు, పక్కన చేరి ఒకటే కబుర్లు. ఇది స్కానింగ్ సెంటరా, పెళ్ళివారిల్లా?"

అసలు కోపం వేరే. అది గార్డుతో చెప్పుకునేది కాదు.

గుండె రక్తనాళాలకు సీటీ స్కాన్ తీయడం ఆమె పని. గుండె నిమిషానికి అరవై ఐదు సార్ల లోపు కొట్టుకుంటేనే బొమ్మ స్పష్టంగా వస్తుంది. అందుకని వేగం తగ్గించే మాత్ర ఇచ్చి గంటసేపు బయట కూచోబెడుతుంది. కొన్నేళ్ళుగా ఎవర్నీ వెనక్కి పంపే పనే పడలేదు. అదంతా మాత్ర గొప్పే అనుకునేది.

తర్వాత అద్దం ఇవతల నుంచి మైకులో మూడు మాటలు.

"ఊపిరి పీల్చండి. ఆపండి. వదలండి."

రోజంతా ఆమె నోటినుంచి వచ్చేవి అవే. ఇంటికెళ్తే అవి కూడా ఉండవు. అలాంటిది, బయట అందరూ ఆయనతో పకపకా నవ్వుతుంటే ఒళ్ళు మండదూ?

పైగా నిన్న ఆమెనే పలకరించాడు. "భోంచేశావా అమ్మా? మొహం పీక్కుపోయింది."

"మీకెందుకండీ?" అని తలుపేసుకుంది. లోపల కాసేపు ఏడ్చింది కూడా.

మర్నాటి నుంచి ఆయన రాలేదు.

విచిత్రం, మాత్రలు పనిచేయడం మానేశాయి. డెబ్బై ఎనిమిది. ఎనభై నాలుగు. వారంలో ఐదుగుర్ని వెనక్కి పంపింది. మాత్రలు నాసిరకమని మందుల స్టోరువాళ్ళతో దెబ్బలాడింది.

ఆరో మనిషి పద్దెనిమిదేళ్ళ అమ్మాయి. పరుగు పందెంలో కళ్ళు తిరిగి పడిపోయిందట. ఒక్కతే వచ్చింది. మాత్ర వేసి గంటన్నర అయింది.

తొంభై రెండు.

"నేను చచ్చిపోతానా అక్కా?" అంది ఆ పిల్ల.

టెక్నీషియన్‌ గబగబా గార్డు దగ్గరికెళ్ళింది.

"ఆ పెద్దాయన వీళ్ళతో ఏం మాట్లాడేవాడు?"

"ఏముంది మేడమ్! ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం తిన్నారు అని అడిగేవాడు. చెయ్యి పట్టుకుని కూచునేవాడు. అంతే."

ఆమె వెళ్ళి పిల్ల పక్కన కూచుంది. చెయ్యి పట్టుకుంది.

"పరుగు ఎవరు నేర్పారే నీకు?"

"మా ఇంటి పక్క కుక్క" అంది పిల్ల. ఇద్దరికీ నవ్వాగలేదు.

"మీ ఇంట్లో ఎవరుంటారు అక్కా?"

"ఎవరూ ఉండరే." ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదలు.

పిల్ల ఆమె చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. చాలాసేపు అలాగే కూచున్నారు.

అరవై మూడు.

బొమ్మ అద్దంలా వచ్చింది. గుండెకు రక్తం ఇచ్చే ఎడమ నాళం పుట్టుకతోనే తప్పు చోట మొదలై, రెండు పెద్ద నాళాల మధ్య ఇరుక్కుంది. పరిగెత్తినప్పుడల్లా నలిగిపోతోంది. వారంలో ఆపరేషన్ చేశారు. పిల్ల గండం గడిచి బయటపడింది.

పెద్దాయన్ని బతిమాలి తీసుకురమ్మని గార్డుని పంపింది. ఇంటికి తాళం. ఊరొదిలి వెళ్ళిపోయాడట. ఎక్కడికో ఎవరికీ తెలీదు.

సెలవు నుంచి తిరిగొచ్చిన సెంటర్ పెద్ద డాక్టరు ఆ పిల్ల స్కాన్ చూశాడు, పెద్దాయన సంగతీ విన్నాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"నాలుగేళ్ళ కిందట ఒక కుర్రాడికీ ఇదే తేడా. ఫుట్‌బాల్ ఆడేవాడు. వాళ్ళ నాన్నకి డ్యూటీ ఉండి, ఒక్కడే వచ్చాడు. వేగం తగ్గలేదని నువ్వు వారం ఆగి రమ్మన్నావు. రూలు ప్రకారమే చేశావు, నీ తప్పేం లేదు. నాలుగో రోజు గ్రౌండులో పడిపోయాడు. పోస్టుమార్టంలో తెలిసింది."

ఆమెకు ఎంత తలుచుకున్నా ఆ కుర్రాడి మొహం గుర్తు రావడం లేదు.

"నాకెందుకు చెప్పలేదు సార్?"

"వాళ్ళ నాన్న చెప్పొద్దన్నాడు. 'తెలిస్తే ఆ స్కాన్ తీసే అమ్మాయి చేతులు వణుకుతాయి, పని చేసుకోలేదు' అని నా దగ్గర మాట తీసుకుని, మర్నాటి నుంచే వచ్చి బయట బెంచీ మీద కూచోవడం మొదలుపెట్టాడు."